బియ్యం ఉన్న ఇంట్లో ఏది లేదో ముందు అడగాలి

పేద కుటుంబాల కనీస అవసరాలను స్థానిక సేవాసంస్థలు ఎలా తీరుస్తున్నాయి, ఆ పనిలో సామాన్యులు ఎలా పాలుపంచుకోవచ్చు అన్న విషయంపై పాఠకులు పంపిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులం కొందరం కలిసి మా పట్టణంలో ఒక చిన్న సేవా సంఘం ప్రారంభించాం. కూలిపని మీద బతికే కుటుంబాలకు నెలకు ఒక బియ్యం బస్తా చొప్పున ఇవ్వాలన్నది మా ఆలోచన. ఇది సరైన పద్ధతేనా, ఇంతకంటే ఉపయోగపడే మార్గం ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, కదిరి

జవాబు: మీ సంకల్పానికి నమస్కారం. అయితే బస్తాలు కొనే ముందు, మీరు సాయం చేయదలచిన ఇళ్లలో ఇప్పటికే ఏముందో, ఏది లేదో తెలుసుకోవాలని నా విన్నపం. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అర్హత ఉన్న కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోల చొప్పున, అంత్యోదయ కార్డు ఉన్నవారికి కుటుంబం మొత్తానికి 35 కిలోల చొప్పున ధాన్యం అందాలి. కేంద్రం ఇచ్చే ఈ ధాన్యానికి 2023 జనవరి నుంచి ధర కూడా చెల్లించనక్కరలేదు. కనుక రేషన్ కార్డు సక్రమంగా ఉన్న ఇంట్లో సాధారణంగా లోటు బియ్యం దగ్గర ఉండదు, బియ్యాన్ని అన్నంగా, అన్నాన్ని భోజనంగా మార్చే మిగతా వస్తువుల దగ్గర ఉంటుంది.

మీ ప్రాంతంలోనే ఒక కూలి కుటుంబం వంటగదిని నెల చివరి వారంలో చూడండి. డబ్బాలో బియ్యం ఉంటుంది. కందిపప్పు అయిపోయి పదిరోజులై ఉంటుంది. నూనె సీసాను బోర్లించి చివరి చుక్కలు కూడా తాలింపులో వేసి ఉంటారు. గ్యాస్ బండ ఖాళీ అయి మూలన ఉంటే, దానిని నింపించే డబ్బు కూడేదాకా ఇంటావిడ కంపచెట్ల పుల్లలు ఏరుకొచ్చి బయట మూడు రాళ్ల పొయ్యి మీద వండుతూ ఉంటుంది. పిల్లలు అన్నంలోకి కాసింత కారప్పొడో, బుడ్డల పొడో కలుపుకొని తినేస్తారు. బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్న భోజనంలో పప్పు, గుడ్డు దొరుకుతాయి కాబట్టి, సెలవులు వచ్చాయంటే పిల్లల తిండి ఇంకా పలచబడుతుంది. ఈ ఇంటికి మీరు ఇరవై అయిదు కిలోల బస్తా ఇస్తే, అందులో కొంత భాగాన్ని అయినకాడికి అమ్ముకొని ఆ డబ్బుతో నూనె, సబ్బు కొనుక్కుంటారు. అందులో వారి తప్పు ఏమీ లేదు, ఎందుకంటే వారికి అవసరమైనవి అవే.

కనుక ఇదే ఖర్చుతో పప్పు, నూనె, చింతపండు, ఉప్పు, కారం, పిల్లలకు గుడ్లు, ఒంటి సబ్బు, బట్టల సబ్బు, ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు ఇవ్వగలిగితే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. ఇంతకన్నా మంచి పద్ధతి మరొకటి ఉంది. వీధిలోని ఒక నమ్మకమైన కిరాణా కొట్టుతో మాట్లాడుకొని, ఒక్కో కుటుంబానికి నెలకు ఇంత మొత్తం అని నిర్ణయించి చీటీ ఇవ్వండి. వారు తమకు కావలసినవి తామే తీసుకుంటారు, మీరు నెలాఖరున కొట్టువారికి లెక్క చూసి చెల్లిస్తారు. రవాణా ఖర్చు, గోదాము అద్దె, సంచులు కట్టే శ్రమ మిగులుతాయి, ఊళ్లోని చిన్న వ్యాపారికీ బేరం దొరుకుతుంది.

తిండికి సంబంధించని అవసరాలను కూడా దృష్టిలో ఉంచుకోండి. ఇంటి అద్దె ఒక నెల తప్పినా, కరెంటు బిల్లు కట్టలేక కనెక్షన్ తీసేసినా, ఆస్పత్రిలో చికిత్స ఉచితమే అయినా అక్కడికి వెళ్లి రావడానికి బస్సు చార్జీలు లేకపోయినా, రోగి వెంట ఉండే మనిషికి తిండి ఖర్చు పుట్టకపోయినా, పేద కుటుంబం వడ్డీకి అప్పు తెస్తుంది. నూటికి మూడు, అయిదు రూపాయల నెలసరి వడ్డీతో తెచ్చిన ఆ చిన్న అప్పే తర్వాత నెలల కూలిని మింగేస్తుంది. సమయానికి అందిన వెయ్యి రూపాయలు ఆ అప్పును ఆపగలిగితే, అంతకు ఎన్నో రెట్లు విలువైన బియ్యం చేయలేని మేలు జరిగినట్టు.

ప్రశ్న: అనంతపురంలోని ఆర్డీటీ గురించి తరచుగా వింటుంటాను. అది విదేశీ దాతల డబ్బుతో పిల్లలను దత్తత తీసుకున్నట్టు పోషిస్తుందని మా స్నేహితులు అంటారు. అసలు ఆ సంస్థ ఎలా పనిచేస్తుంది? చిన్న సంస్థలు దాని నుంచి నేర్చుకోవలసినది ఏమైనా ఉందా?
— ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: తప్పకుండా ఉంది. ముందు కొంత చరిత్ర చెబుతాను. స్పెయిన్‌లోని బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్, జెసూట్ మత గురువుగా 1952లో మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో కరువు రైతుల మధ్య పనిచేశారు. బావులు తవ్వుకునే రైతులకు గోధుమలు, నూనె ఇచ్చేవారు. తవ్వినంత కాలం కుటుంబానికి తిండి దొరికేది, తవ్వకం పూర్తయ్యేసరికి పొలంలో నీళ్లుండేవి. ఆయన పలుకుబడి పెరగడం నచ్చనివారి ఒత్తిడి వల్ల 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆయనకు మద్దతుగా వేలాది రైతులు వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది తిరిగి వచ్చి, దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును, అంటే మీరు అడిగిన ఆర్డీటీని, ప్రారంభించారు. ఆంగ్ల పాత్రికేయురాలు ఆన్ ఫెర్రర్ ఈ పనిలో ఆయనకు మొదటి నుంచీ తోడుగా ఉన్నారు. ఆయన 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశారు.

ఇక మీ స్నేహితులు చెప్పిన విషయం. స్పెయిన్‌లోని దాత ఒక్కొక్కరు ఒక బిడ్డ పేరు మీద నెలనెలా డబ్బు పంపే మాట నిజమే, ఆ బిడ్డకూ దాతకూ మధ్య ఉత్తరాలు నడిచే మాట కూడా నిజమే. కానీ ఆ సొమ్మును బిడ్డ చేతికో తల్లిదండ్రుల చేతికో ఇవ్వరు. బిడ్డ ఉండే ఊరి అవసరాలకు, అంటే బడికి, వైద్యానికి, ఇళ్లకు, నీటికి ఖర్చు చేస్తారు. ఈ పద్ధతి మొదట వినగానే దాతకు కొంత నిరాశ కలగవచ్చు. అయితే ఒకే వీధిలో ఒక బిడ్డకు దాత దొరికి, పక్కింటి బిడ్డకు దొరకకపోతే, ఆ ఇద్దరు తల్లుల మధ్య ఏం జరుగుతుందో ఊహించండి. సాయం ఊరిని విడగొట్టకూడదన్న ఆలోచన ఇందులో ఉంది, అందుకే నేను ఈ పద్ధతినే సమర్థిస్తాను.

రెండవది ఇళ్ల విషయం. దళితులు, గిరిజనులు, వెనుకబడిన వర్గాల కుటుంబాలకు ఆ సంస్థ కట్టించిన పక్కా ఇళ్లను ఆ ఇంటి స్త్రీ పేరు మీద రిజిస్టరు చేస్తారు. దీని విలువ కాగితం మీద చూస్తే అర్థం కాదు. భర్త తాగి వచ్చి ‘బయటికి పో’ అన్నప్పుడు, ‘ఇల్లు నా పేరు మీద ఉంది’ అని ఆమె అనగలగడం వేరు, అనలేకపోవడం వేరు. అప్పుల వాళ్లు వచ్చి కూర్చున్నప్పుడు కూడా భార్య సంతకం లేనిదే ఇల్లు చేతులు మారదు. మన సేవాసంస్థలు ఇచ్చే కుట్టుమిషను, గేదె, తోపుడు బండి వంటివి ఎవరి పేరు మీద ఇస్తున్నారో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

మూడవది వైద్యం. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న బత్తలపల్లిలో 2000 సంవత్సరంలో ఆస్పత్రి తెరిచారు. కళ్యాణదుర్గం, కణేకల్లులో కూడా ఆస్పత్రులు ఉన్నాయి. పట్టణంలో కాకుండా పల్లెలకు దగ్గరగా ఆస్పత్రి పెట్టడం వల్ల రోగికి ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు మిగులుతాయి. దూరపు బడులకు వెళ్లవలసిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం కూడా ఇటువంటి ఆలోచన నుంచి వచ్చినదే. బస్సు లేని ఊళ్లో ఏడో తరగతితో ఆగిపోయే చదువు, సైకిలు ఉంటే పదో తరగతి దాకా సాగుతుంది.

చిన్న సంస్థకు ఆస్పత్రులు కట్టే స్తోమత ఉండదు. కానీ ఊరివాళ్లతో కమిటీ వేసి, అందులో స్త్రీలకు చోటిచ్చి, ఏది ముందు ఏది వెనక అన్నది వాళ్ల చేతనే నిర్ణయింపజేసే పద్ధతికి పైసా ఖర్చు కాదు. దానిని అయిదు కుటుంబాలతో పనిచేసే సంఘమైనా పాటించవచ్చు.

ప్రశ్న: మా సంస్థ తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికే సాయం చేయాలని నియమం పెట్టుకుంది. కార్డు లేనివారు వచ్చి బతిమాలితే మనసు ఒప్పడం లేదు. నియమం సడలించవచ్చా?
— సేవాసంస్థ కార్యదర్శి, వరంగల్

జవాబు: సడలించడం కాదు, ఆ నియమాన్ని తిరగరాయాలని నా అభిప్రాయం. కార్డు ఉన్నవారికి కనీసం బియ్యమైనా దొరుకుతుంది. కార్డు లేనివారిలోనే అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేవారు ఉంటారు. పెళ్లయి అత్తవారింటికి వచ్చినా పుట్టింటి కార్డులోనే పేరు ఉండిపోయిన కోడలు, భర్త వదిలేసిన ఇల్లాలు, ఆధార్‌లో వేలిముద్ర పడని ముసలివారు, ఇంటి ఓనరు చిరునామా పత్రం ఇవ్వడానికి ఒప్పుకోని అద్దె కుటుంబం, ఇటుక బట్టీల పనికి ఒడిశా నుంచి వచ్చినవారు, ఇలా ఎందరో.

అందుచేత మీ మొదటి సాయం సరుకుల సంచి కాకుండా ఒక మనిషి తోడు కావచ్చు. దరఖాస్తు నింపిపెట్టడం, మీసేవా కేంద్రానికి వెంట వెళ్లడం, తిరస్కరించిన దరఖాస్తుకు కారణం రాతపూర్వకంగా అడగడం, పేరులో అక్షర దోషం దిద్దించడం వంటి పనులకు మీ సభ్యులలో ఒకరిద్దరు వారానికి ఒక పూట కేటాయించినా చాలు. కార్డు వచ్చిందంటే ఆ కుటుంబానికి ప్రతినెలా ధాన్యం అందుతుంది, మీ సంస్థ ఉన్నా లేకున్నా అందుతుంది. తెలంగాణలో మనిషికి 6 కిలోల చొప్పున, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి, ఒక్క కార్డు విలువ ఏడాదికి ఎంతో మీరే లెక్క కట్టుకోండి.

వలస వచ్చినవారి విషయంలో మరొక మాట. ఒక రాష్ట్రం కార్డుతో మరొక రాష్ట్రంలో ధాన్యం తీసుకునే సౌకర్యం 2019 ఆగస్టులో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత దేశమంతటికీ విస్తరించింది. ఈ సంగతి తెలియక బయట కొనుక్కునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. సొంత ఊళ్లో కార్డు ఉన్న వలస కూలీని ఒకసారి దగ్గరలోని చౌకధరల దుకాణానికి తీసుకువెళ్లి వేలిముద్ర వేయించి చూడండి.

కార్డు వచ్చేదాకా ఆ కుటుంబాన్ని ఆదుకోవడం మాత్రం మీ బాధ్యతే. అప్పటివరకు సరుకులు ఇవ్వండి.

ప్రశ్న: డబ్బు రూపంలో సాయం చేస్తే మగవాళ్లు తాగేస్తారని మా సంఘంలో అందరూ అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అటువంటి ఇళ్లు లేవని చెప్పను. కానీ అందరినీ ఆ గాటన కట్టడం అన్యాయం. పేదలకు నేరుగా నగదు ఇచ్చే పథకాలపై అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలను ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో సమీక్షించినప్పుడు, ఆ డబ్బు వల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగినట్టు సాధారణంగా కనిపించలేదని తేల్చారు. పేదవాడి చేతిలో డబ్బు ఉంటే చెడిపోతుందన్న అనుమానం వెనుక, ఆ డబ్బును వాడుకోవడం మనకే బాగా తెలుసునన్న అహం కొంత దాగి ఉంటుంది. భయం ఉన్నచోట ఇంటి స్త్రీ బ్యాంకు ఖాతాలో వేయండి, లేదా ఇంటి అద్దెను యజమానికి, మందుల బిల్లును దుకాణానికి మీరే నేరుగా కట్టండి. ఆ ఇంటావిడను విడిగా అడిగితే ఏ దారి తనకు క్షేమమో ఆమే చెబుతుంది.

ప్రశ్న: ఇంట్లో పాత బట్టలు చాలా ఉన్నాయి. ఎవరికి ఇవ్వాలి?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఉతికి, గుండీలు, జిప్పులు సరిచేసి, చిరిగినవి వేరు చేసిన తర్వాతే ఇవ్వండి. మీ ఇంట్లోవారికి ఇవ్వడానికి సంకోచించే బట్టను ఎవరికీ ఇవ్వవద్దు. పట్టుచీరలు, కోట్లు కన్నా రోజూ కట్టుకునే నూలు చీరలు, లుంగీలు, పిల్లల బట్టలు, దుప్పట్లు, చలికాలానికి స్వెటర్లు ఎక్కువగా అక్కరకు వస్తాయి. 1999లో అన్షు గుప్తా ప్రారంభించిన గూంజ్ సంస్థ పట్టణాల్లో సేకరించిన బట్టలను పల్లెల్లో ఊరికే పంచకుండా, ఊరివారు కలిసి చెరువు పూడిక తీసుకున్నప్పుడో, దారి వేసుకున్నప్పుడో వారి శ్రమకు గుర్తింపుగా అందజేస్తుంది. కట్టుకోవడానికి పనికిరాని నూలు గుడ్డను శుభ్రపరిచి ప్యాడ్లుగా కూడా తయారుచేస్తుంది. హైదరాబాదులో కూడా ఆ సంస్థ బట్టలు సేకరిస్తుంది.

ప్రశ్న: మేము అమెరికాలో స్థిరపడ్డాం. నాకు అక్కడి పౌరసత్వం వచ్చింది, మా తమ్ముడికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంది. మా సొంత ఊళ్లో స్నేహితులు నడిపే సేవా సంఘానికి ఇద్దరం డబ్బు పంపాలనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బంది ఉంటుందా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీ ఇద్దరి పరిస్థితి చట్టం దృష్టిలో ఒకటి కాదు. భారత పౌరుడైన మీ తమ్ముడు తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే మొత్తాన్ని విదేశీ విరాళంగా లెక్కించరు. మీరు భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవారైనా విదేశీ పౌరులే కనుక, మీరు పంపేది విదేశీ విరాళం అవుతుంది. దానిని తీసుకోవాలంటే ఆ సంఘానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద, కేంద్ర హోం శాఖ నుంచి రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020లో చేసిన సవరణ తర్వాత ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి, అందులో 20 శాతానికి మించి పరిపాలనా ఖర్చులకు వాడకూడదు, ఆ సొమ్మును మరొక సంస్థకు బదిలీ చేయకూడదు. కనుక రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థ ద్వారా మీ స్నేహితుల సంఘానికి చేర్పించే దారి కూడా మూసుకుపోయింది.

అనుమతి లేని చిన్న సంఘం ఖాతాకు మీరు ప్రేమతో పంపిన డబ్బు వారికి చట్టపరమైన చిక్కు తెచ్చిపెడుతుంది. అందుచేత మీరు అనుమతి ఉన్న సంస్థను ఎంచుకొని మీ జిల్లాలో పనిచేయమని కోరండి, మీ ఊరి సంఘానికి మీ తమ్ముడి చేత పంపించండి. రసీదు, ఆడిట్ అయిన లెక్కలు ఇద్దరూ అడిగి తీసుకోండి.

ఇక్కడున్న దాతలకు కూడా పనికివచ్చే విషయం ఒకటుంది. 80జి పేరుతో అందరికీ తెలిసిన పన్ను మినహాయింపు, పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. రెండు వేల రూపాయలకు మించి నోట్ల రూపంలో ఇచ్చిన విరాళానికి, వస్తు రూపంలో ఇచ్చిన సాయానికి అది వర్తించదు.

ప్రశ్న: నేను ఇళ్లలో పనిచేసుకునే మనిషిని. భర్త లేరు, ఇద్దరు పిల్లలు. మా పేటలో ఒక సంస్థవాళ్లు నెలనెలా సరుకులు ఇస్తున్నారు, వాళ్ల మేలు మరిచిపోలేను. కానీ ప్రతిసారీ సంచి పట్టుకొని ఫోటో దిగాలి. ఆ ఫోటోలు ఫోన్లలో తిరిగి మా అమ్మాయి తరగతిలో పిల్లల దాకా వెళ్లాయి. అప్పటి నుంచి అది బడికి వెళ్లనంటోంది. ఫోటో వద్దంటే సరుకులు ఆపేస్తారేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ఫోటో వద్దనడానికి మీకు పూర్తి హక్కు ఉంది. సరుకులు తీసుకున్నంత మాత్రాన మీ ముఖాన్ని, మీ బిడ్డ ముఖాన్ని నలుగురికి చూపించే అధికారం ఎవరికీ రాదు. పంచే రోజున అందరి ముందు చెప్పవలసిన అవసరం లేదు. ముందుగా ఆ సంస్థలో మీతో చనువుగా మాట్లాడే ఒక మనిషిని, ముఖ్యంగా ఒక స్త్రీని, విడిగా కలిసి మీరు నాకు రాసిన ఈ నాలుగు మాటలే చెప్పండి. ‘మా అమ్మాయి బడి మానేసేలా ఉంది’ అన్న మాట తప్పక చెప్పండి. పాత ఫోటోలను తీసేయమని కూడా అడగండి. చాలామంది ఇది ఇంత దూరం వెళ్తుందని ఆలోచించక చేస్తారు, తెలిస్తే మానుకుంటారు. వారు వినకపోతే మీ పేట అంగన్‌వాడీ టీచరునో, బడి ప్రధానోపాధ్యాయురాలినో వెంట తీసుకొని వెళ్లండి. అమ్మాయి తరగతి టీచరుతో మీరు ఇప్పుడే మాట్లాడటం ఇంకా అవసరం, తోటి పిల్లలను మందలించి సర్దిచెప్పగలిగేది ఆమే.

ఈ ఉత్తరం చదివే సంస్థలవారితో కూడా ఒక మాట. దాతలకు, ఆడిటరుకు లెక్క చూపడానికి పేరు, తేదీ, ఇచ్చిన వస్తువులు, సంతకం లేదా వేలిముద్ర ఉన్న రిజిస్టరు సరిపోతుంది. దాతలకు బొమ్మ చూపించాలనుకుంటే కట్టిపెట్టిన సరుకుల సంచుల ఫోటో పంపండి, వాటిని కడుతున్న మీ కార్యకర్తల ఫోటో పంపండి. అందరినీ ఒకేచోట వరుసలో నిలబెట్టి సరుకులు పంచే బదులు, కిరాణా కొట్టు చీటీలైతే ఈ తల్లి అందరిలాగే కొట్టుకు వెళ్లి, సరుకులు తీసుకొని ఇంటికి రాగలదు. ఈమె ఊరు తప్ప మరే వివరమూ మేము ప్రచురించడం లేదు. విజయవాడలో ఇలా ఫోటోలు తీస్తున్న సంస్థ ఏదైనా సరే, ఈ ఉత్తరం తమను ఉద్దేశించిందే అనుకొని ఈ నెల పంపిణీ నుంచే మానుకోవాలని కోరుతున్నాను.